వేన్నీళ్ళ బండి

ఆ రోజు నేను చేసిన తప్పు చూడడానికి చాలా చిన్నది. పొద్దున ఫోనులో విన్న ఒక ముక్కను చెప్పవలసిన మనిషికి చెప్పలేదు. చెప్పకూడని ముక్కలు చెప్పడంలో నాకు అప్పటికే మంచి పేరుంది. ఆఫీసరు చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తున్నాడంటే, ఆ సంగతి స్టేషను బయటి టీ కొట్టులో మొట్టమొదట చెప్పేది నేనే. అట్లాంటి నోరు ఉద్యోగంలో చేరాక మొదటిసారి మూతపడింది. అదీ తెరవవలసిన రోజున.

నేను ఆ స్టేషనుకు అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ని. ఫోను కంట్రోల్ ఆఫీసు నుంచి వచ్చింది. ఇవాళ్టి నుంచి పొద్దుటి ప్యాసింజరుకు ఆవిరి ఇంజను ఉండదు, డీజిల్ ఇంజను వస్తుంది, దానికి నీళ్ళు పట్టే పని లేదు కనక బండి మీ దగ్గర రెండు నిమిషాలకు మించి ఆగదు, అందరికీ తెలియజేయండి అన్నారు. సరే సార్ అన్నాను. అందరికీ అంటే ఎవరెవరికో వివరంగా చెప్పలేదు కదా. అందుకని టీ కొట్టతనికీ, అతని బెంచీని పుట్టినప్పటి నుంచీ వదలనట్టు కనిపించే ముగ్గురు నలుగురికీ తెలియజేశాను. తెలియజేసి, "అవ్వకు మాత్రం చెప్పకున్రి. ఇయ్యాల తమాష ఉంటది, సూడున్రి" అన్నాను.

ఆ తమాషా ఏమిటో తెలియాలంటే మా కాలనీ చరిత్ర కాస్త చెప్పాలి. భయపడకండి, అందులో రాజులూ యుద్ధాలూ లేవు. ఒక ఇంజనూ దాని దాహమూ ఉన్నాయి.

ఊళ్ళు పుట్టడానికి ఏవేవో కారణాలు చెప్తారు. దేవుడు కలలోకి వచ్చాడనో, కుందేలు వేటకుక్కను తరిమిందనో. మా ఊరు ఇంజనుకు దాహం వేసిన చోట పుట్టింది. నిజాం జమానాలో వికారాబాద్ నుంచి బీదర్ వైపు పట్టాలు వేసినప్పుడు, ఇంజను ఎక్కడ నీళ్ళు అడుగుతుందో చూసుకుని, జహీరాబాద్‌కు దగ్గర్లో నారింజ వాగు ఒడ్డున ఒక పంపు పెట్టారు. పంపు నీళ్ళు పోయడానికి ఇనప కాళ్ళ మీద ఒక టాంకీ, టాంకీ నీళ్ళు ఇంజనులోకి దించడానికి పట్టాల పక్కన వంగిన పెద్ద గొట్టం. దాన్ని మేమంతా తొండం అనేవాళ్ళం. పంపు నడపడానికి ఒక మనిషి కావాలి, పట్టాలు చూసుకోవడానికి ఒక గ్యాంగు కావాలి, వాళ్ళందరినీ కసురుకోవడానికి ఒక స్టేషన్ మాస్టరు కావాలి. అట్లా ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు. ప్రయాణికులు అన్నిటికంటే చివర వచ్చారు. వాళ్ళ కోసం స్టేషను కట్టలేదన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నారింజ వాగు సంగతి కూడా చెప్పాలి. అలిగిన కోడలిలా అది కర్ణాటక వైపు పోతుంది. ఎండాకాలం ఉందో లేదో తెలియదు. వానాకాలం పొంగినప్పుడు మాత్రం రైల్వే హోదాల ప్రకారమే ఇళ్ళకు వచ్చేది. గ్యాంగు క్వార్టర్లు సరిగ్గా ఒడ్డున కట్టారు కాబట్టి ముందు వాళ్ళ ఇళ్ళకు. తర్వాత పంపు డ్రైవరు ఇంటికి. మా క్వార్టర్లు దిబ్బ మీద ఉండేవి. మా గడప దాకా రావడానికి దానికి ఎప్పుడూ ధైర్యం చాలలేదు.

నేను రాకముందు, డెబ్భైల మొదట్లో, కరువు వచ్చి వాగు పూర్తిగా ఎండిందట. అప్పుడు ఇంజను కోసం ట్యాంకరు బండిలో నీళ్ళు తెప్పించారు. మనుషులకు తెప్పించలేదు. అట్లాంటి రూలు లేదన్నారు. ఇంజను తాగుతుంటే తొండం నుంచి కారిన నీళ్ళను కాలనీ ఆడవాళ్ళు బిందెలు పెట్టి పట్టుకున్నారు. మనుషులు ఇంజను ఎంగిలి తాగి బతికిన ఏడు అని గ్యాంగు ముసలివాళ్ళు ఆ ఏడాదికి పేరు పెట్టుకున్నారు. ఆ మాట గర్వంగానే చెప్పుకునేవారు.

నేను డెబ్భైల చివర్లో వచ్చాను. మాది కోహీర్ వైపు వ్యవసాయం. మా నాయన అల్లం పండించేవాడు. ఆయన దృష్టిలో నేలలోంచి తవ్వి తీయనిది ఏదీ పని కాదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు, "పచ్చ జెండ ఊపెతందుకు గింత సదువు సదివినవారా? మన కోడెను తోలెతందుకు నేను తువ్వాల ఊపుత, నాకెవడు జీతమియ్యడాయె" అన్నాడు. నేను నొచ్చుకున్నాను. తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని నొచ్చుకోవడం లుంగీలో నొచ్చుకోవడం కంటే బాగుంటుందని ఆ ఉద్యోగంలో తెలిసింది.

బండి నీళ్ళ కోసం ఆగే సమయమే మా ఊరికి సంత, సభ, పంచాయితీ. ఎంతసేపు ఆగుతుందన్నది డ్రైవరు టీ తాగే తీరును బట్టి ఉండేది. అల్లం బస్తాలూ బెల్లం దిమ్మలూ ఎక్కేవి, కోహీర్ జామపండ్ల గంపలు దిగేవి. బీదర్ వాళ్ళు కన్నడంలో ధర అడిగితే మా వాళ్ళు తెలుగులో తిట్టేవాళ్ళు, బేరం ఉర్దూలో కుదిరేది. సీట్లో తువ్వాలు వేసి, మరిచిపోయిన గొడుగు కోసం ఇంటికెళ్ళి, ఇంట్లో పెట్టింది తిని వచ్చి ఎక్కినవాళ్ళు ఉన్నారు. పెళ్ళిచూపులు కూడా జరిగాయి. పిల్లవాడు కిటికీలో, పిల్ల ప్లాట్‌ఫారం మీద. నచ్చకపోతే బండి కదిలేది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

ఇక వేన్నీళ్ళు. ఆవిరి ఇంజను పొట్ట కింద ఒక సన్న గొట్టం ఉండేది. డ్రైవరు తలచుకుంటే అందులోంచి సలసల కాగే నీళ్ళు దూకేవి. కాస్త తుప్పు రంగు, కాస్త నూనె వాసన. మా కాలనీలో బాలింతలకు ఆ నీళ్ళే పోసేవారు. కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు పోయడం దిక్కులేనివాళ్ళు చేసే పని. ఇంజను నీళ్ళలో ఇనప సత్తువ ఉంటుందనీ, నడుము నొప్పి మళ్ళీ జన్మలో రాదనీ నమ్మకం. బాయిలరులో ఏ మందు కలిపేవారో నాకు తెలియదు. కాలనీ పిల్లలంతా ఆ నీళ్ళతోనే పెరిగారు. చాలామంది ఇప్పటికీ బతికే ఉన్నారు కాబట్టి ప్రమాదకరమని తేల్చి చెప్పలేం.

ఆ నీళ్ళు పట్టేదీ, పోసేదీ ఒకే ఒక మనిషి. అందరూ ఆమెను అవ్వ అనేవారు. భర్త గ్యాంగులో పని చేసి పోయాడు, కొడుకు అదే గ్యాంగులో చేరాడు, వాగు ఒడ్డు క్వార్టరులో ఉండేవారు. కాలనీలో ఎవరు కన్నా తానం పోసేది అవ్వే. చాచిన కాళ్ళ మీద పసిబిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి, శనగపిండి పెట్టి, ముక్కు నిలబెట్టి, చెవుల్లో ఊది, ఆ బిడ్డ మీద ప్రపంచంలో ఇంకెవరికీ హక్కు లేనట్టు రుద్దేది. ప్రతిఫలంగా పాత చీరో, పెట్టినంత అన్నమో. ఎవరు ఏం పెట్టారో ఆమెకు గుర్తుండేది కాదు, ఎవరి బిడ్డ ముక్కు తను సరిచేసిందో మాత్రం గుర్తుండేది. మా ఊళ్ళో ఎవరైనా కాస్త చక్కగా కనిపిస్తే, "నేను గుంజిన ముక్కే" అనేది.

ఆవిరి బండి ఆగగానే అవ్వ తొండం పక్కన నిలబడి, రెండు చేతులూ కలిపి ఉయ్యాల ఊపినట్టు ఊపి చూపించేది. కాలనీలో బాలింత ఉందని అర్థం. ఆ లైన్లో డ్రైవర్లందరికీ అది తెలుసు. నీళ్ళు పట్టడం అయిపోయినా అవ్వ బకెట్లు నిండి ప్లాట్‌ఫారం దాటేదాకా కూత వేసేవారు కాదు. ఆ ఆలస్యానికి కారణం పైవాళ్ళు అడిగితే, ఇంజనుకు నీళ్ళు పట్టడం అని నేను చెప్పేవాణ్ణి. నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలలో నిజానికి అతి దగ్గరగా వచ్చింది అదే.

ఇప్పుడు ఆ రోజుకు వస్తాను. ఎనభైల మొదటి ఏళ్ళు. నాకు రెండో బిడ్డ పుట్టి కొద్ది రోజులైంది. ఆడపిల్ల. జహీరాబాద్ దవాఖానలో కాన్పయి, నా భార్య క్వార్టరుకు వచ్చేసింది. ఆమె తల్లి లేదు. మా అమ్మకు మోకాళ్ళు లేవు. తల్లికీ బిడ్డకూ అవ్వే దిక్కు. ఆ పొద్దున కూడా అవ్వ మా ఇంటికి వచ్చి, బిడ్డను ఎత్తి చూసి, మా ఇంటి బకెట్లు రెండూ చేత పట్టుకుని, "తల్లికి నూనె రాసుకోమని చెప్పిన, నీళ్ళు తెస్త" అని నాతోనే చెప్పి స్టేషనుకు బయలుదేరింది. అప్పుడు నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది, నా కడుపులో ఫోను కబురు ఉంది. నేను చాయ్ తాగాను.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. అవ్వ మీద కోపమా? లేదు. బెంచీ మీది నలుగురిలో నాకొక పేరుండేది, మాస్టరు సాబ్ భలే నవ్విస్తడని. ఆ పేరుకు రోజూ మేత వేయాలి. ఆ పొద్దున మేతకు అవ్వ దొరికింది. ఆ బకెట్లు ఎవరి ఇంటివో, ఆ నీళ్ళు ఎవరి ఒంటికో నాకు అసలు తట్టలేదంటే మీరు నమ్మకపోవచ్చు. నాకూ నమ్మబుద్ధి కాదు. కానీ అదే నిజం. తెలివిగలవాడినని పేరున్న మనిషికి సొంత ఇల్లు గుర్తుండాలన్న నియమం లేదు.

డీజిల్ ఇంజను వచ్చింది. కొత్త రంగు, పొగ లేదు, బుసలు లేవు, పెద్ద పెట్టె దొర్లుకొచ్చినట్టు వచ్చింది. తొండం దగ్గర ఆగవలసిన అవసరం దానికేమిటి? దాన్ని దాటి చాలా ముందుకు పోయి ఆగింది. అవ్వ ఒక్క క్షణం తొండం దగ్గరే నిలబడి, ఆ తర్వాత రెండు బకెట్లూ చేతుల్లో ఊగుతుండగా ఇంజను వెంట పరిగెత్తింది. దగ్గరికి చేరి, ఆయాసపడుతూ బకెట్లు కింద పెట్టి, చేతులు కలిపి ఉయ్యాల ఊపి చూపింది. కొత్త డ్రైవరుకు ఏం అర్థమైందో, నవ్వి తనూ చెయ్యి ఊపాడు.

"నీళ్ళు వొయ్యి బిడ్డా, బాలింత కూసున్నది!" అవ్వ గట్టిగా అరిచింది.

"క్యా నీళ్ళు అమ్మా? ఇది నీళ్ళు తాగదు, నూనె తాగుతది!"

బెంచీ మొత్తం అప్పటికే ప్లాట్‌ఫారం మీదకు వచ్చి ఉంది. టీ కొట్టతను కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడేవాడు, కానీ ఎగతాళి మాత్రం ఏ భాషా కలవకుండా శుద్ధంగా చేసేవాడు. "అవ్వా, నూనెతోనే తానం జేపియ్యి! పొల్ల డీజిల్ బండి లెక్క ఉరుకుతది!" అన్నాడు. కిటికీల్లో తలలన్నీ నవ్వాయి. ఒక్కసారి అందరూ నవ్వుతుంటే మాస్టరు సాబ్ ఊరుకుంటే పరువేం మిగులుతుంది? పచ్చ జెండా చంకలో పెట్టుకుని నేను ముందుకు వచ్చాను.

"అవ్వా, ఇంజన్ మారింది. ఇగ నువ్వు, నీ తొండం ఇద్దరు రిటైరు. పింఛన్ కోసం దరఖాస్తు పెట్టుకో" అన్నాను.

నా మాటకే అందరికంటే ఎక్కువ నవ్వు వచ్చింది. నేనూ నవ్వాను.

అవ్వ నా వైపు చూసింది. "నీకెరుకనా సారూ, గిది వస్తదని?"

నేను చంకలో జెండా సర్దుకున్నాను. నా బదులు బెంచీ చెప్పేసింది. "మాస్టరు సాబ్‌కు పొద్దుగాలనే ఎరుక అవ్వా! గందుకే మేం బిర్రుగ చాయ్ తాగి సూడనీకొచ్చినం!"

అవ్వ బకెట్లు తీసుకొచ్చి నా బూట్ల ముందు పెట్టింది. "ఎవలింటి బాలింత కోసం ఉరికిన్నో జర యాది చేసుకో. నీ బకిట్లు నువ్వే కొంచవో" అంది. కొంగు దులుపుకుని, ప్లాట్‌ఫారం చివర మెట్లు దిగి వాగు వైపు పోయింది.

నవ్వు వెంటనే ఆగలేదు. బండికైనా నవ్వుకైనా బ్రేకు వేసిన తర్వాత కొంత దూరం దొర్లడం ఉంటుంది. రెండు నిమిషాలయ్యాయి, నేను జెండా ఊపాను, బండి పోయింది. గొడుగు కోసం ఇళ్ళకు పోయినవాళ్ళూ, సగం బస్తాలు ఎక్కించినవాళ్ళూ వచ్చి నన్ను తిట్టారు. వాళ్ళకు జవాబు చెప్పడం సులువు. ఢిల్లీ వైపు చెయ్యి చూపిస్తే సరిపోతుంది. ఖాళీ బకెట్లతో ఇంటికి పోవడానికి మాత్రం ఏ వైపు చెయ్యి చూపాలో తెలియలేదు.

నా భార్య ఒంటికి నూనె పూసుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తానాల గదిలో పీట మీద కూర్చుని ఉంది.

"అవ్వేది?"

"అవ్వకు జరమట."

"గిప్పుడేగద పొల్లను ఎత్తుకోని పాయె. గంతల్నే జరమొచ్చెనా?"

"జరం చెప్పి వస్తదా?"

జ్వరం సంగతేమో గానీ, నిజం చెప్పే వచ్చింది. టీ కొట్టతని భార్య బిడ్డను చూసే నెపంతో వచ్చి, మొత్తం కథను, నా డైలాగుతో సహా, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పింది. మధ్య మధ్య తనే నవ్వింది. ఆమె పోయాక నా భార్య ఖాళీ బకెట్లను కాలితో నా వైపు తోసింది. తర్వాత అంది, "నీ నవ్వుతోని నీళ్ళు కాగుతయా? కాగుతే జర ఇంకో రెండు బకిట్లకు సరిపడ నవ్వు."

నేను స్టవ్ ముట్టించాను. రేషను కిరసనాయిలు అడుగున కాస్త ఉంది. అర బకెట్టు గోరువెచ్చనయ్యేసరికి మంట నీలం నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు మారి చచ్చిపోయింది. ఆ నీళ్ళు పోసుకుని ఆమె వణికింది. బిడ్డకు నేను తానం చేయించబోయాను. నూనె రాసిన బిడ్డ చేతుల్లో చేపలా జారింది. ఇద్దరం ఏడ్చినంత పని చేశాం, బిడ్డ మాత్రం నిజంగానే ఏడ్చింది. మర్నాటికి నా భార్యకు నడుము పట్టేసింది. ఒళ్ళు కాలింది. పాలకు బిడ్డ గుక్కపట్టింది. అవ్వకు నేను అంటగట్టిన జ్వరం చిరునామా వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది.

అప్పుడైనా నేను నేరుగా వెళ్ళానా? లేదు. నేను ఆఫీసరును కదా. పట్టాల మీద పని చేస్తున్న అవ్వ కొడుకును పిలిచి, "మీ అవ్వను జర ఇంటికి రమ్మను" అని ఆర్డరు వేశాను. అతను గడ్డపార భుజానికి ఆనించి, ఎంతో మర్యాదగా అన్నాడు, "అవ్వ రిటైరైందట గద సారు. మీరే చేసిన్రంట."

టీ కొట్టతను సలహా ఇచ్చాడు. "ఆడోళ్ళకు చీర పెడితే అయిపోతది సారు." ఈ సలహా ఇచ్చినవాడి ఇంట్లో భార్య అతనితో మాట్లాడి నెలైంది, ఆ సంగతి నాకు తెలుసు. అయినా జహీరాబాద్ వెళ్ళి ఆకుపచ్చ అంచు చీర తెచ్చాను. కాలవలో పడ్డవాడు గడ్డి పోచలో కూడా రంగు చూస్తాడు.

అవ్వ వాగులో బండ మీద బట్టలు పిండుతోంది. నేను చీర కాగితం పొట్లంలో పెట్టుకుని, నీళ్ళకు ఇవతల నిలబడ్డాను. ఇస్త్రీ ప్యాంటు తడుస్తుందని నీళ్ళలో దిగలేదు. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాడి జాగ్రత్త అది.

"అవ్వా, చీర తెచ్చిన."

"గట్టుకోని యాడికి పోవాలె? టేసన్‌కా?"

"నవ్విన తప్పయింది అవ్వా."

ఆమె బట్ట బండ మీద వేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నవ్వినందుకు కాదురా బిడ్డా. నవ్వుతరు. నేను గూడ నవ్వుత. మొన్న పంపు డ్రైవరు లుంగి ఊడితే రెండు దినాలు నవ్విన. నీకెరుకుండె. నీ ఇంట్ల నిలవడి నీతోని మాట్లాడితి. ఒక్క మాట అంటే నేను ఇంటికాడ పొయ్యి ముట్టిచ్చుకోని రెండు కుండల నీళ్ళు కాగవెట్టుకుందును. నీ పెండ్లం తానం నీకే తమాష అయితే ఇగ నన్నేం అడుగుతవు?"

నేను నీళ్ళలోకి దిగాను. ఆ పని ముందే చేయవలసింది.

"రా అవ్వా. దానికి ఒళ్ళు కాలుతున్నది. పొల్లకు పాలు సాలుతలేవు."

"ఎరుకే. నా కొడుకు చెప్పిండు. రాత్రి అన్నం దిగలే నాకు." ఆమె గొంతు తగ్గింది. "రానీకి మనసు లేక కాదు. ఏం మొకం పెట్టుకోని రావాలె, వట్టి చేతులతోనా? ఇగ వేన్నీళ్ళ బండి రాదు. కట్టెలు ఎవలు కొట్టాలె? కొడుకు పొద్దుగూకులు పట్టాల మీదుంటడు. నా మోకాళ్ళు గొడ్డలి పట్టనియ్యవు. వచ్చే నెల గ్యాంగుల పిల్ల కాన్పుకున్నది, దానికేం వొయ్యాలె? మూడు దినాల సంది గదే ఫికర్. నువ్వు నీ చీర ముచ్చట చెప్పవడితివి."

నేను మూడు రోజులుగా ఆమె అలకను ఎట్లా తీర్చాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె మూడు రోజులుగా నీళ్ళు ఎట్లా కాచాలా అని ఆలోచిస్తోంది. ఇంజను మారిందని నాకు ఫోను చేసి చెప్పారు, మారితే కాలనీలో ఏ పొయ్యి ఆరిపోతుందో ఆమె ఒక్కతే ఆలోచించింది. చీర పొట్లం తడిసి, ఆకుపచ్చ రంగు నా వేళ్ళకు అంటింది. అది పక్కా రంగు అని షాపువాడు ఒట్టు పెట్టాడు.

మా కాలనీ చరిత్రలో తర్వాతి భాగం చిన్నది, ఇక్కడే చెప్పేస్తాను. దాహం లేని ఇంజనుకు పంపు ఎందుకు? కొన్నాళ్ళకు పంపు ఆపేశారు. పంపు డ్రైవరును వేరే చోటికి పంపారు, అక్కడ పంపు ఉందో లేదో కనుక్కోకుండానే. టాంకీలో పావురాలు కాపురం పెట్టాయి. కాలనీ ఇళ్ళకు వచ్చే నీళ్ళు కూడా ఆ టాంకీవేనని పైవాళ్ళకు గుర్తు వచ్చేసరికి ఆడవాళ్ళు మళ్ళీ బిందెలతో వాగుకు దిగారు. రెండు నిమిషాల బండిలో అల్లం బస్తాలు ఎక్కవు, అందుకని రైతులు హైవే మీద లారీలకు మళ్ళారు. పిల్లలు బస్సులకు మళ్ళారు. ఇంకొన్నాళ్ళకు జహీరాబాద్ దగ్గర మోటారు బండ్ల ఫ్యాక్టరీ వచ్చింది, గ్యాంగువాళ్ళ కొడుకులు తండ్రుల గడ్డపారలను గోడకు ఆనించి అటు పోయారు. ఇంజను దాహంతో పుట్టిన ఊరు ఇంజను దాహం తీరగానే చిన్నబోయింది. ఎవరూ దీన్ని నష్టం కింద లెక్క వేయలేదు. బండి వేళకు వస్తోంది కదా.

నేను చేసింది మాత్రం ఇది.

ఆ రోజు వాగు నుంచి నేరుగా టీ కొట్టుకు వెళ్ళాను. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. బెంచీ నిండుగా ఉంది. "అవ్వ ఉరికింది నా పెండ్లం కోసం. నాకు పొద్దుగాలనే ఎరుక, అయినా చెప్పలే. అవ్వను పిచ్చిదాన్ని చేసింది నేను" అన్నాను. ఈ మాటలు ఇక్కడ రాసినంత బిగ్గరగా అక్కడ రాలేదు. టీ కొట్టతను గ్లాసు కడుగుతూ, "మాకెరుకే సారు. మేం గూడ నవ్వినం గద" అన్నాడు. బెంచీ మీది ఒకతను లేచి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

మర్నాడు పొద్దున మా నాయన దగ్గర గొడ్డలి తెచ్చుకున్నాను. ఎందుకని ఆయన అడిగాడు. చెప్పాను. ఆయన గొడ్డలి నా చేతికిస్తూ, "గొడ్డలి ఎట్ల పడుతరో ఎరుకనా?" అని మాత్రం అన్నాడు. రైలు కట్ట పొడుగునా సర్కారు తుమ్మ అడవిలా పెరిగి ఉండేది. డ్యూటీకి ముందు వెళ్ళి కొట్టాను. అరచేతుల్లో కొన్ని ముళ్ళు దిగాయి, కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయని నా అనుమానం. మోపు నెత్తిన పెట్టుకుని గ్యాంగు క్వార్టర్ల ముందు నుంచి నడిచి వస్తుంటే, "మాస్టరు సాబ్, జీతం సాలుతలేదా?" అని ఒకరూ, "మోపెంత?" అని ఒకరూ అడిగారు. ఇదీ తమాషాయే. ఈసారి మేత నేను.

అవ్వ మోపు చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. "పచ్చి కట్టె తెచ్చినవు. పొగకు నీ పొల్ల కండ్లు పోతయి. పట్టుకపో, ఎండవెట్టు. ఎండిన మొద్దులు లేవా, గవి తే" అని తిప్పి పంపింది. రెండోసారి ఎండు మొద్దులు తెచ్చాను. మా పెరట్లో మూడు రాళ్ళు పెట్టి తనే పొయ్యి ముట్టించింది. వాగు నీళ్ళు నేను మోశాను. నా భార్య వీపు మీద మొదటి చెంబు పడ్డప్పుడు ఆమె నోట వచ్చిన అబ్బా అన్న మాట గోడ ఇవతల నుంచి విన్నాను. తర్వాత బిడ్డ ఏడుపు, అవ్వ తిట్లు, మళ్ళీ బిడ్డ ఏడుపు. ఒక వారంలో జ్వరం పోయింది.

మా ఇంటి తానాలు అయిపోయాక నేను కట్టెలు మానలేదు. గ్యాంగు పిల్ల కాన్పయింది, ఆమెకూ కొట్టాను. ఆ తర్వాత ఇంకొకరికి. కాలనీలో ఎవరు నెల తప్పినా, ఆ ఇంటివాళ్ళ కంటే ముందు అవ్వ నాకు చెప్పేది, మొద్దులు ఎండడానికి వ్యవధి కావాలి కాబట్టి. ఆ వార్తలు మాత్రం నేను టీ కొట్టుకు చేరవేయలేదు.

నాకు బదిలీ ఆర్డరు వచ్చింది ఎండాకాలం చివర. వానలు ఇంకా మొదలవలేదు. వెళ్ళే ముందు ఆ వారమంతా తుమ్మ కొట్టి, ముక్కలు చేసి, అవ్వ ఇంటి వెనక వరండాలో, వాగు పొంగినా అందనంత ఎత్తున పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు పరిచి వాటి మీద పేర్చాను. పైన చిల్లులు లేని తాటిపత్రి కప్పి తాడుతో కట్టాను. అవ్వ గడపలో కూర్చుని, ఆ మొద్దు అటు పెట్టు, ఈ మొద్దు ఇటు పెట్టు అని చెబుతూ ఉంది. ఆమె చెప్పినట్టే పెట్టాను.